పది–పన్నెండు పానా

సంచి నాడా విప్పే ముందు చేతులు కడుక్కుంటాను.
పూజకని కాదు.
చెమటలో ఉప్పుంటుంది, ఈ ఊరి గాల్లో అంతకన్నా ఉంటుంది,
రెండూ కలిస్తే జపాను ఉక్కయినా
వారంలో బెల్లప్పాకం రంగుకి తిరుగుతుంది.

పెదవాల్తేరు, చర్చి వెనక సందు.
డెబ్బై రెండు నాటి డాట్సన్. రెండే సీట్లు, పొడుగు మూతి.
ఒంటి రంగు నారింజ అని కాగితాల్లో ఉంది,
ఇప్పుడది ఇంగువ.
ఏ ఓడ దించిందో, ఏ కెప్టెన్ పేకాటలో పోగొట్టుకున్నాడో
ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు.
నేను కథలు కొలవను. పానాలు కొలుస్తాను.

కొనేవాడు పూణే నుంచి వచ్చిన ఖరే గారు.
"టూల్ సంచి ఒరిజినల్ అయితే ఇంకో లక్షన్నర" అన్నాడు.
అమ్మే ఆవిడ, రోజ్‌లిన్ గారు,
వరండాలో వంజరం ముక్కలకి పసుపు రాస్తూ
తలెత్తలేదు.

గచ్చు మీద దుప్పటి పరిచాను.
ముందు సంచి కుట్టు చూడాలి.
అసలుదైతే దారం రెగ్జిన్‌లోకి కూరుకుపోయి ఉంటుంది,
మడత మూలల్లో నలుపు పెచ్చులూడి
కింద గోనె నేత కనిపిస్తుంది.
నకిలీ సంచికి అతివినయం,
ఎంత మడిచినా గీత పడదు.
ఇది పడింది.

ప్లగ్గు గొట్టం. లోపలి రబ్బరు ఎండి గవ్వలా పలికింది. సరే.
పట్టకారు. పళ్ళ సందున ఫ్యాక్టరీ గ్రీజు
గోటికి మైనంలా వచ్చింది. సరే.
స్క్రూడ్రైవరు పిడి, చక్రం కింద పెట్టే మడత రేకు,
సరే, సరే.

పానాలు నాలుగు. పక్కపక్కన పడుకోబెట్టి
ఒక్కో దాని వెన్ను మీద వేలు పోనిచ్చాను.
అచ్చు రెండు చెంపలూ కలిసిన చోట సన్నటి గీత ఉంటుంది.
కంపెనీవాడు దాన్ని అరగదీయడు, వాడికేం పని.
అరగదీసేది నకలు చేసేవాడే.
సిగ్గు వాడిది.

పది–పన్నెండు దగ్గర వేలు ఆగింది.
గీత లేదు.
తిప్పి చూశాను. ముద్ర ఉంది, అంకెలున్నాయి,
కానీ పన్నెండులో రెండుకి
తోక పైకి లేచి ఉంది, ఊరకుక్క తోకలాగ.

ఆ రెండు కొట్టింది నేనే.

షిప్‌యార్డు టూల్‌రూం, అప్రెంటిస్ రెండో ఏడు, నైట్ షిఫ్టు.
మేస్త్రీ గండిబోయిన ఎర్రయ్య గారు
ఓడ వాల్వు కడ్డీ ముక్కొకటి చేతిలో పెట్టి
"ఎవులికని అడక్కు. తెల్లారికి అయిపోవాల" అన్నారు.
నమూనా అంటే సిగరెట్ పెట్టె మీద పెన్సిలు బొమ్మ.
అంకె కొడుతుంటే పోటు జారింది.
తిడతారనుకున్నాను.
"పానాయే గదరా, పెళ్లిపత్రికా?" అన్నారు.

మిగతా మూడింటి నోళ్ళు
ఒక్క నట్టునీ కొరికిన పాపాన పోలేదు.
దీని నోరు మాత్రం
కిళ్ళీ నమిలిన ముసలాడి దవడలా సాగిపోయింది.

"ఏమంటారు?" ఖరే గారు ఫోను లైటు దగ్గరకి తెచ్చాడు.
లక్షన్నర. ఆవిడ వేళ్ళ పసుపు.
ఎర్రయ్య గారు పోయి పదకొండేళ్ళు,
ఆయన నన్నడగడానికి లేడు, నేనాయన్ని అడగడానికీ లేదు.

"మూడు ఫ్యాక్టరీవి. ఒకటి కాదు."
"మరెక్కడిది?"
"గాంధీగ్రాం."
అదేదో కంపెనీ అనుకుని ఫోన్లో రాసుకున్నాడు.

నలభై వేలు కోసేసి, ఆ పానా పక్కన పడేశాడు.
నా కూలి మాటొచ్చినప్పుడు
"డబ్బొద్దమ్మా, అదిచ్చెయ్యండి" అన్నాను.
రోజ్‌లిన్ గారు మొదటిసారి నా మొహం చూశారు.
"బావుంది! మిగతావి మా అన్న ముట్టుకోనిచ్చేవాడా?
యారాడ కొండ మీద బండి ఆగితే ఇదే,
ఇంట్లో నీళ్ళ మోటారుకీ ఇదే.
ఇవ్వను బాబూ."

పసుపు చేత్తోనే లోపలికి పట్టుకుపోయారు.
చెబుదామని నోటిదాకా వచ్చింది.
సింధియా బస్సు ఎక్కాక చూసుకుంటే
బొటనవేలికి పసుపు, కొంచెం గ్రీజు.